బకెట్‌కీ ఆల్మోస్ట్‌కీ కుస్తీ పెట్టిన శనివారం

దిల్‌సుఖ్‌నగర్‌కి ఇంగ్లీషు నేర్పింది నేనే అని చాలాకాలం చెప్పుకు తిరిగాను. మెయిన్ రోడ్డు మీద చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో మా స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు. నా క్లాసు వినడానికి జనం మెట్ల మీద కూడా నిలబడేవాళ్ళని, కింద బస్సులు ఆగితే కండక్టర్లు కిటికీలోంచి విని టికెట్ల వెనక రాసుకునేవాళ్ళని పెళ్ళి భోజనాల్లోనూ దవాఖాన బెంచీల మీదా చెప్పాను. కండక్టర్ల ముచ్చట అబద్ధం. మెట్ల మీద జనం నిలబడ్డది నిజమే, కాకపోతే అది కరెంటు పోయినప్పుడు, గాలి కోసం.

కొత్తగా క్లాసులు చెప్పడానికి దిగిన మీరు మొన్న నన్నొక మాట అడిగారు. ‘క్లాసు ఎప్పుడైనా మీ చేయి దాటిపోయిందా సార్’ అని. దాటింది. ఒక శనివారం దాటింది. ఆ సంగతి రాస్తున్నాను. ఎక్కడెక్కడ పెంచి చెప్పానో నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కునే పని లేదు.

ముందు మా కుస్తీ గురించి తెలియాలి. సెంటర్‌లో టీచర్లం ఇద్దరమే. నేను నల్లగొండ వైపు వాణ్ణి, ఎల్బీ నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి. ఆయనది గుంటూరు వైపు, వనస్థలిపురంలో కాపురం. మా యాసని ఎక్కిరించడానికి ఆయన నన్ను ‘సారూ’ అనేవాడు. వాళ్ళ యాసని ఎక్కిరించడానికి నేను ఆయన్ని ‘మాస్టారూ’ అనేవాణ్ణి. కొన్నాళ్ళకి ఎక్కిరింత అరిగిపోయి పిలుపులు మిగిలాయి.

వారమంతా పిల్లలు బస్సులోనో ఆఫీసులోనో తమ చెవిన పడ్డ ఇంగ్లీషు మాటల్ని చీటీల మీద రాసి ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో వేసేవాళ్ళు. శనివారం సాయంత్రం రెండు చీటీలు తీసేవాళ్ళం. ఒక మాట ఆయనకి, ఒకటి నాకు. రెండింటికీ ఏ సంబంధమూ ఉండకూడదు, ఉంటే మళ్ళీ తీయాలి. బోర్డుకి అటు ఆయన, ఇటు నేను. నా మాటకి అర్థం ఏంది, దాన్ని ఎక్కడ వాడతాం, ఎక్కడ వాడితే తన్నులు తింటాం, అవతలి మాట కన్నా ఇది ఎందుకు ఎక్కువ అక్కరకొస్తుంది, ఇదంతా చెప్పి క్లాసుని గెలుచుకోవాలి. ఇంగ్లీషులోనే మొదలుపెట్టేవాళ్ళం. ఆవేశం పెరిగేకొద్దీ ఎవరి ఊరు వాళ్ళ నోట్లోకి వచ్చేది. పిల్లలు దీనికి ‘శనివారం కుస్తీ’ అని పేరు పెట్టారు.

తలలు నెరుస్తున్న ఇద్దరు మగాళ్ళు ‘సైలెన్సర్’ గొప్పదా ‘రిలేటివ్’ గొప్పదా అని చొక్కాలు తడిసేలా కొట్లాడుతుంటే చూసినవాడికి ఇక ఇంగ్లీషంటే భయం ఏముంటుంది. ఆ రోజు నాది సైలెన్సర్. బండికి మర్యాద నేర్పేదే సైలెన్సర్ అని నేను దంచి కొట్టాను. మాస్టారు లేచి, ‘సైలెన్సర్ ఊడిపోతే చప్పుడు పెరుగుతుంది, రిలేటివ్ ఊడిపోతే తగ్గుతుంది’ అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. చప్పట్లకి ఫ్యాను ఊగింది. చప్పట్ల జోరుని బట్టే గెలుపు. మా డైరెక్టరు గుమ్మంలో నిలబడి చెవితో కొలిచి చెప్పేవాడు. ఆయన మలక్‌పేట పాత మనిషి, మాటకి ముందు ఒక ‘జర’, తర్వాత ఒక ‘పరేషాన్’ ఉండేవి. ఓడినవాడు బోర్డు తుడవాలి.

ఈ పద్ధతిని కనిపెట్టింది నేనే అని సెంటరు కరపత్రంలో వేయించాను. సరే, ఇద్దరం కనిపెట్టాం. సరే, ఆయనే కనిపెట్టాడు. డబ్బా మాత్రం మా ఇంట్లోది.

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. దిల్‌సుఖ్‌నగర్ ఒక్కచోట కుదురుగా కూర్చోవడం మానేసింది. పొద్దున షట్టర్లు లేచేవి, ఎవరో ‘వస్తుండ్రు’ అనేవాళ్ళు, దడదడా దిగేవి, ఎవరూ రాలేదని తెలిసి సగం లేచేవి. ఫోన్ మోగితే ఎవరిదా అని కాదు, ఏమైందా అని ఎత్తేవాళ్ళం. ఇవాళ ప్రకటన వస్తుందనేవాళ్ళు, రేపనేవాళ్ళు, ఢిల్లీలో ఎవరో ఎవరితోనో భోంచేశారు కాబట్టి వచ్చేసినట్టే అనేవాళ్ళు. పాఠం మధ్యలో పిల్లల కాళ్ళు బెంచీల కింద ఊగుతూనే ఉండేవి. నావీ ఊగేవి. నేను తెలంగాణ కావాలనుకున్నవాణ్ణే, ఊరేగింపుల్లో నడిచినవాణ్ణే. ముందు వరుసలో నడిచానని చెప్తుంటాను. నడిచింది వెనకే, మోకాళ్ళ నొప్పి.

క్లాసులో ఒక మార్పు వచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, కాని కిటికీ వైపు బెంచీల్లోకి తెలంగాణ పిల్లలు చేరిపోయారు, ఫ్యాను వైపు బెంచీల్లోకి కోస్తా నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలు చేరిపోయారు. మధ్యలో నడవడానికి వదిలిన సందు ఉంది చూడండి, అది రోజురోజుకీ వెడల్పయింది. శనివారం నేను మాట్లాడితే కిటికీ వైపు చప్పట్లు. ఆయన మాట్లాడితే ఫ్యాను వైపు చప్పట్లు. మాటలు ఏవైనా సరే. డైరెక్టరు చెవికి పని లేకుండా పోయింది.

ఒక సాయంత్రం బస్సులు ఆగిపోయాయి. ఇద్దరం నడక మొదలుపెట్టాం. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చాం. ఆయన అక్కడ ఆగి చెప్పులో రాయి దులుపుకుంటూ అన్నాడు.

“నేను వెళ్ళిపోతున్నాను సారూ. మా బావమరిది వాళ్ళ ఊరి కాలేజీలో మాట్లాడాడు. నెలాఖరుకి మానేస్తానని డైరెక్టరు గారికి చెప్పేశాను.”

“ఎవడన్న ఏమన్న అన్నడా మాస్టారూ? చెప్పు, రేపు పొద్దుగాల ఆని ఇంటికాడ నిలబడ్త.”

“మీరు నిలబడి ఏం చేస్తారు, మోకాళ్ళు పట్టుకుని.” నవ్వాడు. “ఎవరూ ఏమీ అనలేదండి. మా ఇంటి ఓనరు మీ నల్లగొండాయనే. బంద్ రోజు పాల ప్యాకెట్ ఆయనే తెచ్చి గేటుకి తగిలిస్తాడు. ఇంట్లో బాగానే ఉంది. క్లాసులోనే కూర్చోలేకపోతున్నాను.”

“క్లాసులేమైంది?”

“నేను గెలిస్తే మీ పిల్లలు మొహం మాడ్చుకుంటున్నారు. ఓడితే మా పిల్లలు మాడ్చుకుంటున్నారు. నేను చెప్పిన ముక్క ఎవరి చెవిలోనూ పడట్లేదు. మొన్న కావాలనే తప్పు అర్థం చెప్పాను, మీరు గమనించారో లేదో. చప్పట్లు కొట్టారండి. తప్పుకి. వినని గదిలో ఎంతకాలం అరుస్తాను, చెప్పండి.”

నేను గమనించలేదు. నేనూ వినలేదన్నమాట. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఇక్కడ మామూలుగా నేను, ఇద్దరం మార్కెట్ ముందు కావలించుకుని ఏడ్చామని చెప్తాను. ఏడవలేదు. నాకు మొదట తట్టిన ఆలోచన ఏమిటంటే, ఆయన క్లాసు జరిగే గదికి కొత్త ఫ్యాను ఉంది, ఇక అది నాకొస్తుంది. రెండో ఆలోచన ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక వచ్చింది, ఆయన వనస్థలిపురం వైపు తిరిగి వెళ్ళిపోతుంటే. ఇక శనివారాలు ఎవరితో కొట్లాడాలి?

ఆ రాత్రి నుంచి నాకు కుదురు లేదు. పోనీ ఆయన్ని ఉండమని అడగొచ్చు కదా అంటారు. ఆయన ఉండమంటే ఉండే మనిషి కాదు, నేను అలా అడిగే మనిషిని కాదు.

ఆ తర్వాతి శనివారం బంద్. నెలాఖరు దాకా మామూలు క్లాసులు చెప్పినా, కుస్తీకి మాత్రం ఇదే ఆఖరు అని ఆయన అందరికీ ముందే చెప్పేశాడు. కోచింగ్ సెంటర్లు తెరవొద్దని ఉద్యమం వాళ్ళు ముందురోజే చెప్పి వెళ్ళారు. అయినా పిల్లలు ఒక్కరొక్కరే మెట్ల దగ్గర సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చారు. ఆఫీసులు లేవు, బస్సులు లేవు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, పైగా మాస్టారి ఆఖరి కుస్తీ. ఎన్నడూ లేనంత మంది. ఎల్బీ నగర్ నుంచి ఆటో నడిపే అతను ఒకడుండేవాడు మా బ్యాచ్‌లో, ముప్పై ఏళ్ళవాడు, ఎయిర్‌పోర్టు ప్యాసింజర్లతో మాట్లాడ్డానికి నేర్చుకుంటున్నాడు. అతనూ నడిచొచ్చాడు.

“ఇయ్యాల ఆటో తియ్యద్దన్నరు గద సార్,” అన్నాడు. “ఆటో లేక నడిచొస్తే తెలిసింది, రానన్నప్పుడు ప్యాసింజర్లు నన్ను ఎంత తక్కువ తిడ్తరో.”

డైరెక్టరు చేతులు నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. “జర ఆహిస్తా. అరవొద్దు, నవ్వొద్దు, చప్పట్లు అసలొద్దు. రోడ్డు మీదికి వినబడితే నేను పరేషాన్. ఇయ్యాల గెలుపు చేతులెత్తి చెప్పుండ్రి.”

ఈ ఒక్క మాట దగ్గరే క్లాసు చేయి దాటింది. అప్పుడు మాకెవరికీ తెలియలేదు. చప్పట్లలో ఎవరు ఎవరికి కొట్టారో కలిసిపోతుంది. చెయ్యెత్తితే అందరికీ కనిపిస్తుంది.

చీటీలు తీశాం. నాకు ‘బకెట్’ వచ్చింది. ఆయనకి ‘ఆల్మోస్ట్’.

గుసగుసలతో కుస్తీ ఎప్పుడైనా చూశారా? గొంతు లేచినప్పుడల్లా డైరెక్టరు పెదాల మీద వేలు పెడుతున్నాడు. నేను బోర్డు మీద బకెట్ బొమ్మ వేసి, దొంగతనానికి వచ్చినవాడిలా మొదలుపెట్టాను.

“బకెట్ అంటే నీళ్ళు పట్టే వస్తువు అని డిక్షనరీ చెప్తది. డిక్షనరీ రాసినోడు మన సందుల్ల హాస్టల్‌ల ఉండలే. పొద్దుగాల బాత్రూం ముంగట లైన్ల నిలబడేది మనుషులా? బకెట్లు. మనిషి పండుకునే ఉంటడు, బకెట్ ఆని తరఫున నిలబడ్తది. ఆని నంబరొచ్చేదాక కదలదు. అసొంటి చుట్టం ఎవలన్న ఉన్నరా మీకు? ఎక్కడ వాడద్దంటే, పక్కోని బకెట్ వాడద్దు. గంతే.”

ఫ్యాను వైపు హాస్టల్ పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు గుండె ఉబ్బింది.

మాస్టారు లేచాడు. “ఆల్మోస్ట్ అంటే దాదాపు,” అన్నాడు. “పని పూర్తికాలేదు, కాలేదని చెప్పడానికి మొహం చెల్లలేదు, అప్పుడు వాడతాం. డాక్టరు దగ్గర వాడకూడదు.” ఇంకేదో అన్నాడు, కాని వేళ్ళ మధ్య చాక్‌పీసు తిప్పుతూ, కిటికీ వైపు చూస్తూ. చెప్పాలి కాబట్టి చెప్పి కూర్చున్నాడు. సగం బలంతో మాట్లాడితే ఎలా ఉంటుందో మీకూ తెలుసు. ఆ రౌండు నాదే. ఇది పెంచి చెప్పడం కాదు.

“బకెట్‌కి ఎత్తుండ్రి,” అన్నాడు డైరెక్టరు.

ఫ్యాను వైపు చేతులన్నీ లేచాయి. కిటికీ వైపు ఒక్కటి లేవలేదు.

“ఆల్మోస్ట్‌కి?”

కిటికీ వైపు మొత్తం లేచింది. ఆటో అతను రెండు చేతులూ ఎత్తాడు.

నేను పిల్లల వంక చూశాను, మాస్టారు నా వంక చూశాడు. నా పిల్లలంతా ఆయనకి, ఆయన పిల్లలంతా నాకు. అందరి మొహాల మీదా ఒకేలాంటి మంచితనం. ఎవరికో దానం చేసొచ్చినవాళ్ళ మొహాలు.

“ఏందిరా ఇది?” అన్నాను ఆటో అతనితో. “నువ్వు నవ్వింది నా బకెట్‌కి. చూసిన.”

“నవ్విన సార్. మీదే మస్తుగుంది. గని మాస్టరు పోతా అంటుండు గద. ఇయ్యాల బంద్ రోజున గూడ మనం చెయ్యెత్తకపోతే, మనమే ఎల్లగొట్టినట్టుంటది.”

మాస్టారు ఫ్యాను వైపు తిరిగాడు. ముందు బెంచీలో ప్రకాశం జిల్లా నుంచి వచ్చి బ్యాంకు పరీక్షలకి చదివే అమ్మాయి ఉంది. “నువ్వెందుకెత్తావమ్మా బకెట్‌కి?”

“బయట గొడవగా ఉంది కదండీ,” అంది ఆ అమ్మాయి. “ఇలా కనపడేలా చెయ్యెత్తమన్నప్పుడు మనం మనవాళ్ళకే ఎత్తితే బాగోదని. సారు మాత్రం ఏమనుకుంటారు.”

“నేనేమనుకుంట?” అన్నాను.

“ఏమీ అనుకోరండీ. అయినా.”

మాస్టారికి కోపం రావడం నేను చాలాసార్లు చూశాను, అందులో చాలావరకు నేనే తెప్పించాను. ఇది వేరు. ముక్కు చివర ఎర్రబడింది.

“అంటే ఒకళ్ళు జాలిపడి ఎత్తారు, ఒకళ్ళు జంకి ఎత్తారు. నేను వాగిందీ ఈయన వాగిందీ ఎవరికీ అక్కర్లేదు. ఇదేమన్నా పరామర్శా? నేను చచ్చిపోయానా?” గుసగుసగా మొదలైన మాట చివరికొచ్చేసరికి మామూలు గొంతై, దాన్నీ దాటి కిటికీలోంచి రోడ్డు మీద పడింది.

కింద షట్టరు మీద ఎవరో దబదబా బాదారు.

కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు రోడ్డుకి కనపడతామని చటుక్కున లేచి ఇటు ఫ్యాను వైపు బెంచీల్లోకి దూరారు. ముగ్గురు పట్టే బెంచీలో ఐదుగురు ఇరుక్కున్నారు. ఏ మోకాలు ఎవరిదో తెలియలేదు. డైరెక్టరు మెట్లు దిగాడు. కింద మాటలు వినబడ్డాయి.

“పైన ఏం నడుస్తుందన్నా? క్లాసా?”

“క్లాసు ఎక్కడిది భయ్యా. ఇంటోళ్ళ లొల్లి. ఇద్దరు ముసలోళ్ళు, ఆస్తి పంచాయతీ.”

“గట్లనా. జర షట్టరు మొత్తం దించుకోండ్రి. ఇయ్యాల లోపలే ఉండమను.”

వాళ్ళు నినాదాలు అందుకుని చైతన్యపురి వైపు వెళ్ళిపోయారు. ఈ కథ చెప్పేటప్పుడు నేను ఈ చోట, వాళ్ళు తాగడానికి నీళ్ళు అడిగారనీ, నేనే స్వయంగా బకెట్‌తో మోసుకెళ్ళాననీ, అలా బకెట్ గొప్పతనం లోకానికి తెలిసిందనీ కలుపుతాను. నీళ్ళు అడగలేదు. నేను టేబుల్ వెనక ఉన్నాను. కింద అనను, వెనక.

షట్టరు పూర్తిగా దిగింది. పైన కిటికీ తలుపులూ దగ్గరికి వేశాం, గదిలో వెలుతురు సగమైంది. డైరెక్టరు పైకొచ్చి “ఇగ చాలు, అందరూ నిమ్మలంగా కూసోండ్రి, రోడ్డు ఖాళీ అయినంక పోదురు” అన్నాడు. మాస్టారు కూర్చోలేదు.

“మాటలు మార్చుకుందాం సారూ,” అన్నాడు నాతో. “బకెట్ నాకివ్వండి. ఆల్మోస్ట్ మీరు తీసుకోండి. మళ్ళీ ఆడదాం.” పిల్లల వైపు తిరిగాడు. “మీరంతా ఓటేసేటప్పుడు కళ్ళు మూసుకోండి. ఎవరు చెప్పారో నాకక్కర్లేదు. ఈ రెండు మాటల్లో ఏది లేకపోతే మీకు వారం గడవదో దానికి చెయ్యెత్తండి. మర్యాదకి ఎత్తినవాడికి సోమవారం నుంచి నా క్లాసులో చోటు లేదు.”

“సోమవారం నుంచి మీరే ఉండరు గద మాస్టరూ,” అన్నాడు ఆటో అతను, నెమ్మదిగా.

“నెలాఖరు దాకా ఉంటాను. నోరు మూసుకో.”

ఆయన బకెట్‌తో దిగాడు. అప్పుడు చూడాలి మనిషిని. గొంతు పెంచకుండానే గదంతా పట్టేశాడు.

“సారు బకెట్‌ని బాత్రూం దగ్గర నిలబెట్టి వదిలేశారు. దాని బతుకు అంతేనా? చిల్లు పడితే ఇసుక మోస్తుంది. చెవి ఊడితే మొక్క పెంచుతుంది. బోర్లేస్తే పీట. నా పెళ్ళిలో నేను కూర్చుంది బకెట్ మీదే, కుర్చీలు మా అత్తగారి తరఫువాళ్ళు ఎత్తుకుపోయారు. అడుగు పోయినా దాన్ని బకెట్ అనే అంటాం. ఆల్మోస్ట్‌ని బోర్లేసి కూర్చోండి చూద్దాం సారూ.”

ఇరుక్కుని కూర్చున్న పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు, శబ్దం లేకుండా. బెంచీలే కిర్రుమన్నాయి. నాకు ఒళ్ళు మండింది. నా బకెట్. నేను దానికి బొమ్మ కూడా వేశాను.

లేచాను.

“బకెట్ మోసుకపోవాలె. ఆల్మోస్ట్ జేబుల పడ్తది. ఇంటికాడికెళ్ళి ఫోనొస్తది, యాడున్నవ్ అని. ఆల్మోస్ట్ ఎల్బీ నగర్. ఉన్నది మలక్‌పేటల. పరీక్ష ఎట్ల రాసినవ్? ఆల్మోస్ట్ అన్ని రాసిన. ఇంటర్వ్యూ ఏమైంది? ఆల్మోస్ట్ వచ్చింది నాన్నా. మీల ఎవలు ఈ వారం ఈ మాట అనలేదో ఆళ్ళు లేచి నిలబడుండ్రి. అది అబద్ధమా? కాదు. నిజమా? అదీ కాదు. రెండిట్ల నడుమ మనిషి నిలబడనీకి జాగ కావాలె గద, గా జాగకే గీ పేరు. మాస్టరు చెప్పినట్టు డాక్టరు కాడ వాడద్దు. పెండ్లి పందిట్ల వాడద్దు. ఇంకెక్కడన్న వాడుకోండ్రి.”

“మరి మన రాష్ట్రం సార్?” అన్నాడు ఆటో అతను, ఆపుకోలేక.

నా నోరు నాకంటే ముందుంటుంది. “ఆల్మోస్ట్,” అన్నాను.

గది బిగుసుకుపోయింది. అవి ఆ మాట ఎగతాళో, ఆశో, ఎవరిని పొడవడానికో తెలియని రోజులు. ఒకే బెంచీలో మోకాళ్ళు తగిలించుకుని కూర్చున్న వాళ్ళు ఎవరూ ఎవరి వంకా చూడలేదు. రోడ్డు మీద ఎక్కడో దూరంగా మైకు. డైరెక్టరు వేలు పెదాల మీదే ఉండిపోయింది.

మాస్టారు నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత బల్ల పట్టుకుని. ఆయన నవ్వేసరికి బ్యాంకు పరీక్షల అమ్మాయి నవ్వింది, ఆటో అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఇక చప్పుడు ఆపడం డైరెక్టరు వల్ల కాలేదు. ఆయనా ఆపుకోలేదు లెండి.

“కళ్ళు మూసుకోండి,” అన్నాడు మాస్టారు.

మూసుకున్నారు. చేతులు లేచాయి. ఈసారి ఎవరి చెయ్యి ఎటువైపుదో నేను చూడబోయాను, అలవాటు కొద్దీ. చూడ్డానికి వైపులు లేవు. పక్కపక్కనే ఇరుక్కున్నవాళ్ళలో ఒకడు బకెట్‌కి ఎత్తితే ఒకడు ఆల్మోస్ట్‌కి ఎత్తాడు. ఆ అమ్మాయి బకెట్‌కి ఎత్తింది, హాస్టల్లో ఉండే మనిషి, వేరే ఎలా ఎత్తుతుంది. ఆటో అతను ఆల్మోస్ట్‌కి ఎత్తాడు, ఒకే చెయ్యి. డైరెక్టరు వేలితో గాలిలో లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు.

“ఆల్మోస్ట్,” అన్నాడు. “జరంత తేడాతో.”

అదేదో భారీ మెజారిటీ అని నేను తర్వాత ప్రచారం చేశాను.

మాస్టారు డస్టరు తీసుకుని నా బకెట్ బొమ్మ తుడవడం మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, గట్టిగా. చాక్‌పీసు పొడి ఆయన జుట్టు మీద పడుతోంది. తుడుస్తూనే, వెనక్కి తిరగకుండా అన్నాడు.

“వచ్చే శనివారం చీటీలు నేను తీస్తాను. మీరు డబ్బాలో చెయ్యి పెట్టి తడిమి తీస్తారు.”

“చీటీ తడిమితే మాట తెలుస్తదా మాస్టారూ?”

“మీకు తెలుస్తుంది. ఆ డబ్బా మీదేగా.”

“ఓడిపోయినవ్, తుడువు. ఆ మూల ఇంక ఉంది.”

ఆ వచ్చే శనివారం ఆయనే చీటీలు తీశాడు, గెలిచాడు. దాని తర్వాతిది నేను గెలిచాను. నెలాఖరు రోజున డైరెక్టరు ఆయన్ని పక్కకి పిలిచి, “సార్, కొత్త మనిషిని చూడాల్నా మరి?” అని అడిగితే, “ఈయన సంగతి తేలనివ్వండి ముందు” అన్నాడట. బావమరిది రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు, తర్వాత మానేశాడు. సందు మాత్రం పూర్తిగా పోలేదు, అది ఒక్క రోజులో పోయేది కాదు. కిటికీ వైపు, ఫ్యాను వైపు అలాగే కూర్చున్నారు చాలా వారాలు. కాని శనివారం సాయంత్రం చప్పట్లు మళ్ళీ రెండు వైపుల నుంచీ కలిసి రావడం మొదలైంది, డైరెక్టరు చెవికి మళ్ళీ పని పడింది.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది ఒకటుంది. ఈ కథని నేను ఇన్నేళ్ళూ ఎలా చెప్పానంటే, గెలిచినవాడు తృప్తిపడి సర్దుకుని వెళ్ళిపోతాడు, ఓడినవాడే కసితో ఆగుతాడు, కాబట్టి ఆయన్ని ఆపడానికే ఆ రోజు ప్రాణం పెట్టి గెలిచాను అని. చివర్లో ఆయన వైపు వేలు చూపించి, ‘మాస్టారు ఇక్కడినుంచి ఆల్మోస్ట్ పోయిండు, అంటే పోలేదు’ అన్నాననీ, దానికే ఓట్లన్నీ పడ్డాయనీ. విన్నవాళ్ళంతా నా తెలివికి తలలూపారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ మాట నేను అనలేదు. అంత మంచి వాక్యం చేతికి అందేంత దగ్గర్లో ఉన్నా తట్టలేదు నాకు. మర్నాడు పళ్ళు తోముకుంటుంటే తట్టింది. ఆయన్ని ఆపాలన్న ప్లాను కూడా అప్పుడే తట్టింది, అప్పటికే పనైపోయింది. ఆ రౌండులో నేను నోరు విప్పినప్పుడు ఆయన వెళ్ళిపోతున్నాడన్న సంగతే నాకు గుర్తులేదు. నా బకెట్ లాక్కుని నాకంటే బాగా చెప్పాడు, ఎలాగైనా పడగొట్టాలి, అంతే ఉంది తలలో. గుర్తుంటే నేనూ జాలిపడేవాణ్ణి. మెత్తగా మాట్లాడి ఓడిపోయేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన చాలా రోజులకి, ఇద్దరం ఉద్యోగాలు వదిలేశాక, వనస్థలిపురంలో వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని ఉండగా ఈ నిజం ఆయనకి చెప్పేశాను. ఆయన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

“తెలుసు సారూ,” అన్నాడు. “నేను వెళ్ళిపోతున్నానన్న సంగతి ఆ గదిలో మీ ఒక్కరికే గుర్తులేదు. అందుకే ఉన్నాను.”